నాన్న కారు ఆయిల్ నా కారుకి పనికిరాదు

మొన్న నాన్న పాత డీజిల్ కారుకి కొన్న 15డబ్ల్యూ-40 (ఇది చిక్కదనం నంబర్) ఇంజన్ ఆయిల్ కొంచెం మిగిలితే, నీ కారులో పోసేయరా, వేస్ట్ ఎందుకు అన్నారు. వద్దు నాన్నా అని ఆపేశా. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన, నా కారు లాంటి బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) డీజిల్ కార్లలో సైలెన్సర్ లైన్లో డీపీఎఫ్ అని ఫిల్టర్ ఉంటుంది, అది మసిని పట్టుకుని వేడికి కాల్చేస్తుంది, కానీ ఇంజన్ ఆయిల్లో కలిపే అడిటివ్స్ (రసాయనాలు) వల్ల వచ్చే బూడిద మాత్రం కాలదు, అక్కడే పేరుకుపోయి మెల్లగా ఫిల్టర్ని మూసేస్తుంది. అందుకే బూడిద తక్కువొచ్చే సీ3 లాంటి గ్రేడ్ ఆయిల్స్ కంపెనీలు అడుగుతాయి, మీ మాన్యువల్లో ఏది రాసుంటే అదే పోయించండి, చిక్కదనం నంబర్ ఒక్కటే చూసి కొనకండి ప్లీజ్. గేర్ బైకులైతే చాలావాటిలో క్లచ్ ఆయిల్లోనే మునిగుంటుంది, స్కూటర్లకి వాడే జాసో ఎంబీ అనే గ్రేడ్ ఆయిల్ పోస్తే క్లచ్ జారొచ్చు. ఎలక్ట్రిక్ కార్లకి ఇంజన్ ఆయిల్ లేదు గానీ బ్రేక్ ఫ్లూయిడ్ మాత్రం మార్చాల్సిందే.