రాతలో లేని నిర్బంధం

నల్లగొండ జిల్లాలో ఏ ఊళ్లోనైనా దొంగతనం జరిగిందంటే, చుట్టుపక్కల ఎరుకల కుటుంబాల మగవాళ్లు ఆ రాత్రి ఇంట్లో పడుకోవడానికి జంకడం నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. ఫిర్యాదులో వాళ్ల పేరు ఉండదు, సాక్ష్యమూ ఉండదు. బుట్టలు అల్లుకొని, పందులు పెంచుకొని బతికే ఆ మనుషులను ఠాణాకు నడిపించేది కులం ఒక్కటే.

పుట్టుకనే నేరంగా లెక్కగట్టిన నేరస్త తెగల చట్టం 1871 నాటిది. 1911లో దేశమంతటికీ విస్తరించాక మద్రాసు రాష్ట్రంలోని ఎరుకలు దాని కిందికి వచ్చారు. 1952 ఆగస్టు 31న అది రద్దయినా, పదేపదే నేరాలు చేసేవారిపై నిఘా పేరిట వచ్చిన అలవాటు నేరస్తుల చట్టాల రూపంలో ఆ అనుమానం మిగిలే ఉంది.

అరెస్టుకు కారణం చెప్పాలని, కోరిన వకీలుతో మాట్లాడనివ్వాలని, ప్రయాణ సమయం పోను 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణం శాసిస్తోంది. అరెస్టు వేళ, తేదీ నమోదు చేసే అరెస్టు మెమో రాయాలని, బంధువులకు తెలపాలని 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. కానీ "విచారణకు పిలిచాం, అంతే" అని తీసుకుపోతే అరెస్టూ లేదు, మెమో లేదు, గంటల లెక్క మొదలే కాదు. రాజ్యాంగం ఇచ్చిన రక్షణలన్నీ కాగితం మీద అరెస్టు పడ్డాకే పలుకుతుంటే, ఈ పేదల మీద దెబ్బ అంతకుముందే పడుతోంది. నన్ను అన్నిటికంటే బాధించేది ఇదే.

అందుకే, 24 గంటల లెక్క అరెస్టు రాసుకున్న వేళ నుంచి కాదు, మనిషిని అదుపులోకి తీసుకున్న వేళ నుంచే మొదలవుతుందని 2024లో తెలంగాణ హైకోర్టు చెప్పడం ఎంతో విలువైనది. వెనుకబడిన వర్గాలవారి పేర్లు పోలీసులు నిఘా కోసం నడిపే హిస్టరీ షీట్లకు యాంత్రికంగా ఎక్కుతున్నాయని అదే ఏడాది మే నెలలో సుప్రీంకోర్టు ఆందోళన చెందింది. అక్టోబరు 3న జైలు రిజిస్టర్లలో కులం గడినే తొలగించమంది, విముక్త జాతులవారిని, అంటే ఒకప్పుడు ఆ నేరస్త తెగల చట్టం కింద ఉన్నవారిని, ఇష్టానుసారం అరెస్టు చేయకూడదని పోలీసులకు చెప్పింది.

ఎరుకలు, లంబాడీలు, చెంచులు మన రాష్ట్రంలో షెడ్యూల్డు తెగలవారు కనుక ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయానికి అర్హులు. నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ జిల్లా న్యాయసేవాధికార సంస్థలున్నాయి. అయితే ఆ వకీలు రిమాండు నాడు కాక, ఠాణాకు పిలిచిన నాడే పక్కన ఉండాలి. పిలుపు రాతపూర్వక నోటీసుగా రావాలి. ఠాణాల్లో సీసీ కెమెరాలు పెట్టి, రికార్డింగు కనీసం ఏడాదైనా భద్రపరచాలన్న 2020 నాటి సుప్రీంకోర్టు ఆదేశం ఉండనే ఉంది, అదుపులోకి తీసుకున్న వేళ ఎప్పుడన్న వివాదం వచ్చిన ప్రతిసారీ వకీళ్లు ఆ రికార్డింగును కోర్టులో అడగాలి.