పైకి నున్నగా ఉన్న వెల్డ్‌ను నమ్మొద్దు

ఎం.టెక్‌లో ప్రొడక్షన్, పీహెచ్‌డీలో వెల్డింగ్ చదివాను. ఇప్పుడు క్లాసులో చెప్పేది మెటలర్జీ, మాన్యుఫాక్చరింగ్ ప్రాసెసెస్. ల్యాబ్‌లో నా పనంతా ఫ్రిక్షన్ స్టిర్ వెల్డింగ్ మీదే. 1991లో ఇంగ్లండ్‌లోని టీడబ్ల్యూఐ (ద వెల్డింగ్ ఇన్‌స్టిట్యూట్) సంస్థలో పుట్టిన పద్ధతి ఇది. తిరిగే టూల్ రాపిడితో లోహం కరగకుండానే మెత్తబడి కలుస్తుంది. అల్యూమినియానికి ఇంతకన్నా మంచి అతుకు లేదని నా నమ్మకం.

కాలేజీలో ఉండే వర్టికల్ మిల్లింగ్ మెషిన్ మీదే చేయొచ్చు. 6 మి.మీ. మందం 6061-టీ6 (వేడిచేసి గట్టిపరిచిన అల్యూమినియం మిశ్రమం) ప్లేట్లకు హెచ్13 (వేడిని తట్టుకునే) స్టీల్ టూల్, 18 మి.మీ. వ్యాసం షోల్డర్ (ప్లేటు పైన రాసుకునే వెడల్పు భాగం), 5.7 మి.మీ. పొడవు పిన్ (లోహంలోకి దిగే మొన) సరిపోతాయి. టూల్‌ను వెనక్కి 2 డిగ్రీలు వంచాలి. 1000 ఆర్‌పీఎం, నిమిషానికి 50 మి.మీ. ఫీడ్‌తో (అతుకు వెంట టూల్ సాగే వేగం) మొదలుపెట్టండి. పిన్ దిగాక వెంటనే ఫీడ్ ఇవ్వకండి, పది పదిహేను సెకన్లు అక్కడే తిప్పి వేడెక్కనివ్వాలి. ప్లేట్ల అంచులు ముందే మిల్ చేసి, సందు లేకుండా గట్టిగా క్లాంప్ చేయాలి.

ఎక్కువగా చెడేది మెషిన్ దగ్గరే. టూల్ కిందికి కిలోన్యూటన్ల బలంతో నొక్కుతుంటే టేబుల్ కొద్దిగా దిగిపోతుంది. షోల్డర్ పట్టు తప్పి పైన గాడి పడుతుంది. కాబట్టి టేబుల్‌ను మోసే ‘నీ’ (knee) భాగం లాక్ బిగించకుండా ఫీడ్ వేయొద్దు.

గాడి కంటికి కనిపిస్తుంది, టన్నెల్ (లోపలి బొరియ) కనిపించదు. పిన్ తన ముందున్న లోహాన్ని రిట్రీటింగ్ వైపు (టూల్ తిరిగే దిశ, సాగే దిశ ఎదురెదురుగా ఉండే పక్క) నుంచి తిప్పి వెనక నింపుతూ పోతుంది. ఫీడ్ ఎక్కువై వేడి చాలకపోతే ఆ లోహం అవతలి అడ్వాన్సింగ్ వైపు దాకా చేరదు, లోపల పొడవునా బొరియ మిగిలిపోతుంది. పైన మాత్రం వెల్డ్ అద్దంలా ఉంటుంది! అందుకే నా విద్యార్థులు ప్రతి వెల్డ్‌నూ అడ్డంగా కోసి, పాలిష్ చేసి, కెల్లర్స్ రీఏజెంట్ (ఆమ్లాల మిశ్రమం)తో ఎచ్ చేసి, అంటే లోహం లోపలి రూపం కనిపించేలా తినిపించి, చూశాకే తన్యత (లాగి తెంచే) పరీక్షకు వెళ్తారు.

పిన్ పొట్టిదైతే అడుగున ఆక్సైడ్ పొర చెదరదు. రెండు అంచులూ ఆనుకుని ఉంటాయి కానీ అతుక్కోవు. ఇది ఎక్స్‌రేకూ చిక్కదు. వెల్డ్ అడుగు వైపు సాగేలా బెండ్ టెస్ట్ చేస్తే మాత్రం నోరు తెరుస్తుంది.

మంచి నమూనా వెల్డ్ మధ్యలో కాకుండా పక్కన తెగితే విద్యార్థులు కంగారుపడతారు. కంగారు అక్కర్లేదు. టీ6 గట్టిదనం దాదాపు 105 విక్కర్స్; వేడి సోకిన పక్క భాగంలో అవక్షేపాలు (లోహానికి బలమిచ్చే సూక్ష్మ కణాలు) ముదిరి అది 60–70కి పడిపోతుంది. బలహీనమైన చోటే తెగింది, అంతే. అక్కడ పోయిన బలం మామూలు ఏజింగ్‌తో (తక్కువ వేడిలో గంటల తరబడి ఉంచడం) తిరిగిరాదు. 530 డిగ్రీల సెల్సియస్ దగ్గర సొల్యూషన్ ట్రీట్‌మెంట్ (ఆ అవక్షేపాలు మళ్లీ లోహంలో కరిగేలా వేడిచేయడం) చేసి, నీళ్లలో ముంచి, మళ్లీ ఏజింగ్ చేయాలి. ఆ వేడికి ప్లేటు వంగకుండా చూడటం మీదే ఇప్పుడు నా ధ్యాసంతా.