ప్లాటు కొనే ముందు నడక కొలవండి

తిరుపతికి ఉత్తరాన శేషాచలం కొండలు అడ్డం. అటు ఊరు పెరిగే దారి లేదు కాబట్టి కొత్త లేఅవుట్లు రేణిగుంట, చంద్రగిరి, తిరుచానూరు వైపులకు పాకాయి. రుయా, స్విమ్స్ ఆసుపత్రులు, యూనివర్సిటీ మాత్రం కొండ కిందే ఉన్నాయి. అలిపిరికి పోయే యాత్రికులూ అటే. ఇళ్లు ఒకవైపు, పనులు ఒకవైపు అయితే రోడ్డు ఎంత వెడల్పు చేసినా పొద్దున నిండిపోతుంది.

గోవిందరాజస్వామి గుడి చుట్టూ వీధులు చూడండి. కింద అంగడి, పైన కాపురం. పాలు, పూలు, మందులు అన్నీ నాలుగడుగుల్లోనే. కొత్త లేఅవుట్‌లో వంద ఇళ్లున్నా ఒక్క అంగడి ఉండదు. అంగడి, బడి ఒకటిన్నర కిలోమీటరు దూరం అనుకుందాం. పాలకు, బిడ్డను దించడానికి, తిరిగి తేవడానికి, కూరగాయలకు నాలుగుసార్లు పోయొస్తే రోజుకు 12, నెలకు 360 కిలోమీటర్లు. లీటరుకు 45 ఇచ్చే స్కూటరుకు 8 లీటర్ల పెట్రోలు, ఆఫీసు కలపకుండానే. ఈ తిరుగుడు ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడుతుంది. బండి లేకుంటే షేర్ ఆటోకు కాచుకోవాల్సిందే.

దూరాన్ని మించిన చేటు గోడ. పక్కపక్క లేఅవుట్లు వేరువేరు మనుషులు వేస్తారు, ఒకరి రోడ్డు ఇంకొకరి కాంపౌండు గోడ దగ్గర ఆగిపోతుంది. గోడ అవతల 300 మీటర్లలో ఉన్న బడికి చుట్టూ తిరిగి 1,100 మీటర్లు నడవాలి. నడిచే దూరాన్ని నేరు దూరంతో భాగించండి. గళ్లు గళ్లుగా కలిసిపోయే వీధుల్లో అది దాదాపు 1.4 లోపే ఉంటుంది. ఇక్కడ 3.7. అది 2 దాటితే బిడ్డను నడిపించాలని ఎవరికీ అనిపించదు. లేఅవుట్ గీసేటప్పుడే రెండు మీటర్ల సందు వదిలితే తీరిపోయే పని. ప్లాట్లు అమ్ముడుపోయాక ఎవరూ జాగా ఇవ్వరు.

అందుకే కొనే ముందు ఫోన్‌లో నడిచే దూరం, నేరు దూరం రెండూ కొలవండి. నిమిషానికి 80 మీటర్ల చొప్పున నడిస్తే పాలు, కిరాణా ఐదు నిమిషాల్లో, అంటే 400 మీటర్లలో, బడి, బస్సు స్టాపు పది నిమిషాల్లో, అంటే 800 మీటర్లలో ఉంటే మంచిది. తర్వాత పొద్దున ఏడున్నరకు స్వయంగా నడవండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం ఫుట్‌పాత్ మీద కనీసం 1.8 మీటర్లు ఖాళీగా ఉండాలి. ట్రాన్స్‌ఫార్మరు, నిలిపిన బండ్లు దాన్ని మింగేసి ఉంటే ఆ దారి లెక్కలోకి రాదు. రైలు పట్టాలకు ఇల్లు ఏ పక్క, బడి ఏ పక్క అన్నదీ చూసుకోండి. దారిలో అండర్ బ్రిడ్జి ఉంటే వానాకాలంలో నీళ్లు నిలుస్తాయేమో అక్కడి అంగళ్లవాళ్లను అడగండి.

ప్లానులో రోడ్డు గోడ దాటి ముందుకు పోతున్నట్టు గీసి ఉంటే, అవతలి భూమి ఎవరిదో రిజిస్ట్రేషన్‌కు ముందే తేల్చుకోండి.