మోటారు వేసి కూర్చోండి

ధ్యానం చేయాలని నిశ్చయించుకున్న మనిషి మొట్టమొదట చేసే పని బజారుకు వెళ్ళడం. ఒక చాప, ఒక దిండు, రెండు పెట్టెల అగరుబత్తులు, ఈ మధ్య అయితే ఫోనులో డబ్బు కట్టే యాప్ ఒకటి. ఆ తర్వాత మంచి రోజు చూసుకుంటారు. ఆ మంచి రోజున ఇంటికి చుట్టాలు దిగుతారు. అంతటితో సరి.

నన్నడిగితే, కొత్తగా సమయం వెతకనే వద్దు. ఏదో ఒక పని అయ్యేదాకా ఊరికే ఎదురుచూసే సమయం ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. అందులో కూర్చోవాలి. మా ఇంట్లో అది నీళ్ళ మోటారు. పొద్దున సంపు నుంచి పైట్యాంకుకు మోటారు వేస్తే నిండడానికి పావుగంట పడుతుంది. వరండాలో కుర్చీ వేసుకుని అంతసేపూ కూర్చుంటాను. నిండిన ట్యాంకు గొట్టంలోంచి నీళ్ళు పెరట్లో పడిన చప్పుడే నాకు బడి గంట. లేచి స్విచ్చి కట్టేస్తాను.

కుర్చీ ఏమిటి, పద్మాసనం వేయాలి కదా అంటారు. ఉద్యోగమంతా నల్లబల్ల ముందు నిలబడి లెక్కలు చెప్పిన మోకాళ్ళు నావి, అవి ఒప్పుకోవు. ఆసనం స్థిరంగా, సుఖంగా ఉండాలనే పతంజలి సూత్రం చెబుతుంది. కుర్చీ కూడదని అందులో ఎక్కడా లేదు. పాదాలు నేలకు ఆనాలి, నడుము నిటారుగా ఉండాలి, చేతులు ఒళ్ళో పెట్టుకోవాలి. అంతే.

ఇక చేయాల్సింది: ఊపిరి వదిలినప్పుడల్లా మనసులో ఒక అంకె. పదిదాకా వెళ్ళి మళ్ళీ ఒకటి. లెక్కల టీచరుకు ఇదొక లెక్కా అనిపిస్తుంది కదా? మూడు దగ్గర మోటారు చప్పుడు మారినట్టుంటుంది. నాలుగు దగ్గర కరెంటు బిల్లు. బిల్లు నుంచి పోయిన వేసవి, అక్కడి నుంచి ఏసీ కొనమని మా అమ్మాయి పెట్టిన పోరు. ఈలోగా అంకెలు వాటంతట అవి నడుస్తూనే ఉంటాయి. ఉలిక్కిపడి చూసుకుంటే పదిహేడు! పది దాటాక ఆ ఏడు ఊపిరులు ఎవరు లెక్కపెట్టారో దేవుడికే తెలియాలి. అప్పుడు విసుక్కోకుండా మళ్ళీ ఒకటితో మొదలుపెట్టడమే. విసుక్కుంటే అదింకో ఆలోచన.

"నాకు కుదరదు వదినా, కళ్ళు మూసుకుంటే చాలు, పాలవాడి బాకీ గుర్తొస్తుంది" అంది మా ఆడపడుచు. కుదరడమంటే అదేనమ్మా అన్నాను. బాకీ రోజంతా బుర్రలో తిరుగుతూనే ఉంది, కూర్చున్నప్పుడు కంటపడింది. మనసును పట్టడం గాలిని పట్టడమంత కష్టమని గీతలో అర్జునుడంతటివాడే మొరపెట్టుకున్నాడు. మా ఆడపడుచు ఇప్పుడు ఇడ్లీలు ఉడికేలోపు కూర్చుంటోంది.

మన ఊళ్ళలో "శ్వాస మీద ధ్యాస" అనే మాట తెలియనివారు తక్కువ. పిరమిడ్ ధ్యానం నేర్పిన సుభాష్ పత్రి గారి చలవ అది. ఆ పద్ధతిలో ఎంత వయసుంటే అన్ని నిమిషాలు కూర్చోమంటారు. మాట బాగుంది కానీ, అరవై ఏళ్ళావిడను మొదటి రోజే గంటసేపు కూర్చోబెడితే రెండో రోజు రాదు. ఐదు నిమిషాలతో మొదలుపెట్టి పెంచుకోవడమే నయం.

అలాగే కొందరు ఏకంగా విపశ్యన అనే బౌద్ధ ధ్యాన పద్ధతి నేర్పే శిబిరానికి బయలుదేరతారు. హైదరాబాదులో నాగార్జునసాగర్ రోడ్డు మీద ధమ్మఖేత్త కేంద్రం 1976 నుంచి ఉంది. 10 రోజుల శిబిరం, చివరి రోజు దాకా మౌనం, తెల్లవారుజామున 4 గంటలకు గంట, ఫోను అప్పగించేయాలి. భోజనానికి, బసకు రుసుము లేదు, శిబిరం పూర్తిచేసినవారి విరాళాలతోనే నడుస్తుంది. గొప్ప ఏర్పాటే. అయితే అక్కడ కూడా మొదటి మూడు రోజులు చేయించేది ముక్కు దగ్గర ఊపిరిని గమనించడమే. ఆ పని ఇంట్లో కొన్నాళ్ళు అలవాటు చేసుకుని వెళితే రోజుకు పది గంటల కూర్చోవడం అంత భయపెట్టదు.

భోజనం చేసి కూర్చోకండి, తప్పకుండా తూగుతారు. తూగు వస్తే కళ్ళు సగం తెరవండి. అప్పటికీ ఆగకపోతే లేచి డాబా మీద నెమ్మదిగా నడుస్తూ అడుగులు లెక్కపెట్టండి, అదీ ధ్యానమే. బీపీ మాత్రలు మాత్రం ధ్యానం పేరు చెప్పి మానకండి. కూర్చున్నకొద్దీ గుబులో భయమో పెరుగుతుంటే ఆపేసి డాక్టరుతో మాట్లాడండి.

కరెంటు పోయిన రోజు మోటారు ఉండదు. ఆ రోజు పది ఊపిరుల చొప్పున పదిసార్లు లెక్కపెడతాను, చేతివేళ్ళు గుర్తుకు. ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తాడు కాబట్టి, వంద ఊపిరులకు ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు. కొత్తవాళ్ళకు ఆ లెక్క సరిపోతుంది.