చేప పతకం: తోకకు మీనా ఎక్కింది

ఐరోపా రినైసాన్స్ కాలపు (15-16 శతాబ్దాల) పతకాల్లో ముత్యానిదే పెత్తనం. వంకర తిరిగిన బరోక్ ముత్యంలో ఏ ప్రాణి పోలిక ఉందో చూసి, మిగతా ఒళ్లు బంగారంతో, మీనాతో (లోహం మీద కరిగించి అతికించే రంగు గాజు పొడితో) పూర్తిచేసేవాళ్లు. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోని కానింగ్ జ్యువెల్‌లో ముత్యమే మత్స్యపురుషుడి మొండెం. వైస్రాయ్ కానింగ్ దాన్ని మన దేశంలోనే కొన్నాడంటారు. ఒకప్పుడు 16వ శతాబ్దపు నగ అనుకున్నారు, ఇప్పుడేమో 19వ శతాబ్దపు పని అయ్యుండొచ్చంటున్నారు. అయితే ఏం? ఆ ముత్యంలో ఛాతీని చూసిన కన్ను మామూలుది కాదు.

నేను చేస్తున్న చేప పతకానికి ముత్యం హైదరాబాద్ పత్తర్‌గట్టీలో దొరికింది. ఒకవైపు ఉబ్బుగా ఉంది, అదే చేప పొట్ట.

పని పద్ధతి మాత్రం జర్మనీలోని ఆహెన్ స్వర్ణకారుడు రైన్‌హోల్డ్ వాస్టర్స్ డ్రాయింగులు చూసి నేర్చుకుంటున్నాను. 19వ శతాబ్దంలో రినైసాన్స్ తరహా నగలు చేసినవాడాయన. అదే మ్యూజియంలో ఉన్న ఆయన డ్రాయింగుల్లో నగ ఏయే ముక్కలుగా విడిపోతుందో కనిపిస్తుంది. విడి ముక్కలు ఎందుకో కిల్న్ (మీనా కాల్చే కొలిమి) ముందు నిలబడితే తెలుస్తుంది. మీనా కరిగే వేడికి మామూలు వెండి టంకం కూడా కరిగిపోతుంది. అందుకే తల, తోక వేర్వేరుగా కాల్చి, చివర్లో రివెట్లతో బిగిస్తాను. వేలాడదీసే కొక్కేలను కూడా అతికించకుండా రేకులోనే కోశాను.

తోకకు 999 వెండి (దాదాపు స్వచ్ఛమైనది), 0.8 మి.మీ. రేకు. రాగి కలిపిన 925 వెండి వాడితే అందులోని రాగి వేడికి నల్లబడి, పారదర్శక రంగుల కింద మచ్చలా కనబడుతుంది. పొలుసులు చెక్కి, ఆకుపచ్చ పారదర్శక మీనా పెట్టాను. చెక్కుడు లోతుగా ఉన్నచోట రంగు చిక్కగా నిలబడుతుంది, అందమంతా అక్కడే.

మీనా పొడిని నీళ్లు తెల్లగా కాకుండా తేటగా వచ్చేదాకా కడగాలి, ఆఖరిసారి డిస్టిల్డ్ వాటర్‌తో. తర్వాత పూర్తిగా ఆరనివ్వాలి. తడి మిగిలితే ఆవిరి పొడిని ఎగరగొడుతుంది. వెనకవైపు కూడా మీనా పూయాలి, లేకపోతే చల్లారేటప్పుడు రేకు వంగి పైపూత పగులుతుంది. నా కిల్న్‌లో 790 డిగ్రీలు, దాదాపు రెండు నిమిషాలు. పైభాగం ముందు నారింజ తొక్కలా గరుకుగా మారి, తర్వాత నున్నగా మెరుస్తుంది. మెరిసిన వెంటనే బయటికి తీయాలి. ఒకే మందపాటి పూత కంటే పలచని పూతలు చాలాసార్లు కాలిస్తేనే రంగు తేటగా వస్తుంది.

ఇక తల. దానికి తెల్ల మీనా. వెండి తగిలితే అంచుల్లో పసుపు దిగుతుంది కాబట్టి ముందు ఫ్లక్స్ (రంగులేని పారదర్శక మీనా) పూత వేస్తున్నాను. ముత్యం వేడికి తట్టుకోదు. అన్ని కాల్పులూ అయ్యాకే దాన్ని వెండి పుల్లకు గుచ్చి ఎపాక్సీ జిగురుతో నిలబెడతాను.