వాగు కోసం రాసిచ్చిన దస్తావేజు

పెన్సిల్వేనియాలోని చెస్టర్ కౌంటీలో మాకు 18 ఎకరాలుంది. పల్లంలో పారే చిన్న వాగు బ్రాండీవైన్ నదిలో కలుస్తుంది. కింద విల్మింగ్టన్ నగరం తాగేది ఆ బ్రాండీవైన్ నీళ్లే. అది తెలిశాక, ఆ గట్టు మీద ఎప్పటికీ ప్లాట్లు పడకూడదనుకున్నాను.

దానికి ఇక్కడున్న దారి కన్జర్వేషన్ ఈజ్‌మెంట్. భూమి మనదే, అమ్ముకోవచ్చు, పిల్లలకు ఇవ్వొచ్చు. ప్లాట్లు చేసే హక్కు మాత్రం శాశ్వతంగా వదులుకుంటూ, ఇలాంటి భూముల్ని కాపాడే సంస్థకు, అంటే ల్యాండ్ ట్రస్ట్‌కు, దస్తావేజు రాసిస్తాం. తర్వాత ఎవరు కొన్నా కట్టుబడాల్సిందే.

ఫోన్‌లో చెప్తే బాపు, "కొన్న భూమి మీద హక్కు నువ్వే ఇడిసిపెట్టుడేంది రా?" అన్నాడు. "మన చెరువు శిఖంల ఇండ్లు లేచినంక చెరువు ఏమైంది బాపూ?" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

పని పూర్తవడానికి 14 నెలలు పట్టింది. ఐదు నెలలు బ్యాంకుకే పోయాయి. ఇంటి లోన్ ఇంకా ఉంది కాబట్టి, ఈజ్‌మెంట్ తర్వాతే తన తాకట్టు హక్కు అని బ్యాంకు సంతకం పెట్టాలి. లేదంటే రేపు భూమి వేలానికి వస్తే ఈజ్‌మెంట్ నిలవదు, హక్కు వదులుకున్నందుకు ఇచ్చే పన్ను మినహాయింపూ రాదు. ఆ కాగితం ఎవరు చూడాలో బ్యాంకులో ఎవరికీ తెలియదు. ప్రతిసారీ కొత్త మనిషికి మొదటినుంచి చెప్పాలి. చాలా టెన్షన్ పడ్డాను. భూమి విలువ కట్టించడం మాత్రం తొందరపడి చేయకండి. రాసిచ్చే తేదీకి 60 రోజుల కంటే ముందు కట్టించింది పన్ను లెక్కకు చెల్లదు.

నాకు బాగా గుర్తున్నవి ట్రస్ట్ అమ్మాయితో పొలమంతా తిరిగిన రెండు రోజులు. ప్రతి మూలా ఫొటో తీసి, పటంలో గుర్తు పెట్టింది. ఊట నీళ్లతో ఎప్పుడూ చిత్తడిగా ఉండే గడ్డి దగ్గర ఆగిపోయింది. 1997లో ప్రభుత్వం రక్షణ ఇచ్చిన బాగ్ టర్టిల్ బతికేది ఇలాంటి చోటేనట. అరచేతిలో పట్టేంత తాబేలు. మాకు కనిపించలేదు. ఎప్పుడైనా కనిపిస్తే చోటు ఎవరికీ చెప్పొద్దంది, పట్టుకెళ్లి అమ్మేవాళ్లుంటారు.

వాగుకు రెండువైపులా 100 అడుగుల వరకు ఏ కట్టడమూ వద్దని రాశాం. మా అమ్మాయి రేపు ఇల్లు కట్టుకుంటానంటే పైన మెరకలో రెండెకరాలు విడిగా ఉంచాం. ఇలాంటివి ముందే ఆలోచించుకోవాలి, రిజిస్టరయ్యాక మార్చడం దాదాపు కుదరదు.

మొన్న ఏప్రిల్‌లో గట్టు వెంట సైకమోర్, రివర్ బర్చ్ మొక్కలు నాటి, జింకలు కొరక్కుండా గొట్టాలు తొడిగాం. ట్రస్ట్ వాళ్లు ఏటా వచ్చి పాత ఫొటోలతో పోల్చి చూస్తారు. మొదటి తనిఖీ అక్టోబరులో. ఈలోపు ఎండిన మొక్కల చోట కొత్తవి పెట్టాలి.