రేపు మా ఊరికి సర్పంచి ఎన్నిక

డిసెంబరు, 2025

నిన్న సాయంత్రం ఐదు గంటలతో ప్రచారం ముగిసింది గనుక ఈ రోజు డప్పులూ లేవు, ఆటోల మీద మైకులూ లేవు. అయినా మనుషులు కుదురుగా లేరు. నల్లగొండ జిల్లా చండూరులో నేను నడిపే జిరాక్స్ దుకాణానికి పొద్దున వచ్చినవాళ్లలో, పింఛను కాగితాల కోసం వచ్చిన ముసలివాళ్లు తప్ప, మిగిలినవారంతా ఎన్నికల పని మీద వచ్చినవాళ్లే. ఒకరికి ఏజెంటు ఫారం కావాలి, ఒకరికి ఆధార్ నకలు కావాలి, ఇంకొకరికి వార్డులవారీగా ఓటర్ల జాబితా నాలుగు ప్రతులు కావాలి. ఉంగరం, కత్తెర, ఫుట్‌బాల్ గుర్తుల వాళ్లు ఒకే బల్ల దగ్గర భుజాలు రాసుకుంటూ నిలబడి, ఒకరి జాబితా ఒకరికి కనబడకుండా కాగితాలను బోర్లించి పట్టుకున్నారు. పంచాయతీ ఎన్నికలలో పార్టీ గుర్తులు ఉండవు గాని, ఎవరి వెనుక ఏ పార్టీ ఉందో మా ఊళ్లో పసిపిల్లలను అడిగినా చెబుతారు.

ఈ ఎన్నిక కోసం నేను చాలా రోజులుగా ఎదురుచూశాను. 2019 జనవరిలో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లో తీరిపోయింది. అప్పటినుంచి ప్రత్యేకాధికారి పాలనే. ఎన్నికైన పాలకవర్గం లేదని కేంద్రం నుంచి రావలసిన ఆర్థిక సంఘం నిధులు ఆగిపోయాయి. వీధిలైటు పోయినా, ట్రాక్టరులో డీజిలు అయిపోయినా, నల్లా పైపు పగిలినా పంచాయతీ కార్యదర్శి ఒక్కడే అందరికీ జవాబుదారీ. ఆ అబ్బాయి మంచివాడే, కాని బదిలీ మీద వచ్చిన ఉద్యోగిని ఊరు నిలదీసి అడిగేది ఏముంటుంది? అడగడానికి మనం ఓటు వేసి గెలిపించుకున్న మనిషి ఉండాలి. శాసనసభ్యుడు మా ఊరికి ఎప్పుడో ఒకసారి వస్తాడు, పార్లమెంటు సభ్యుడు అంతకంటె అరుదుగా వస్తాడు. సర్పంచి మాత్రం పొద్దున లేస్తే మన వాకిలి ముందునుంచే నడుస్తాడు. అందుకే, మిగిలిన ఎన్నికలన్నిటికంటె చిన్నదిగా కనబడే ఈ ఎన్నికనే నేను అన్నిటికంటె ముఖ్యమైనదిగా భావిస్తాను.

నామినేషన్ల వారంలో జరిగిన ఒక సంగతి ఇక్కడ రాసి పెట్టుకోవాలి. పక్క ఊరి సర్పంచి స్థానం ఈసారి మహిళలకు వచ్చింది. ఆ ఊరినుంచి ఒక భర్త తన భార్యను వెంటబెట్టుకొని దుకాణానికి వచ్చాడు. ఇంటిపన్ను కట్టిన రసీదు, కుల ధ్రువీకరణ పత్రం, ఎన్నికల ఖర్చు కోసం కొత్తగా తెరిచిన బ్యాంకు ఖాతా పుస్తకం అన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో పద్ధతిగా సర్ది తెచ్చాడు. ఆస్తుల వివరాల కాగితం నింపుతూ నేను ఆమెను అడిగిన ప్రతి ప్రశ్నకూ అతడే జవాబు చెప్పాడు. "ఆమెకేం ఎర్కలేదు మేడం, నన్నడుగుండ్రి" అన్నాడు. ఆమె కాసేపు ఊరుకుంది. సంతకం పెట్టవలసిన చోటు చూపించగానే మాత్రం పెన్ను పక్కన పెట్టి, "నా పేరు మీద రాసిందంత ఒకసారి నాకు చదివినిపియ్యి అక్కా, తర్వాత పెడ్త" అంది. నేను మొదటి పేజీ నుంచి చదివాను. భూమి దగ్గర ఆపి, ఎన్ని గుంటలని రాశారో మళ్లీ చదివించుకుంది. అతడు ఏమీ అనలేదు. తెలంగాణ పంచాయతీలలో సగం స్థానాలు మహిళలవేనన్న చట్టం కాగితం మీదనే మిగిలిపోతుందని చాలామంది తేలికగా మాట్లాడతారు గాని, ఆ చట్టం లేకపోతే ఆమె ఆ సంతకం దాకా వచ్చేదే కాదు. ఆ ఊళ్లో ఆమె గెలవాలని నేను మనసారా కోరుకుంటున్నాను.

మా ఊరి విషయానికి వస్తే, నాకు ఈ ఎన్నికలో ముఖ్యమైన సంగతి ఒకటే, నీళ్లు. మునుగోడు, చండూరు, మర్రిగూడ, నాంపల్లి ప్రాంతాలలో పుట్టినవాళ్లకు ఇది ఎందుకో ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. తాగే నీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటి ఫ్లోరైడ్ ఉండకూడదంటారు. మా బోరు నీళ్లు తాగి పెరిగిన తరం ఆ లెక్కకు ఎంతో మించినదాన్నే ఏళ్ల తరబడి తాగింది. అందుకే మా అత్తమ్మ మోకాళ్లు పూర్తిగా వంగవు, నేల మీద కూర్చుంటే ఎవరైనా చెయ్యి అందించాలి. పటిక, సున్నం కలిపి నీటినుంచి ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతికి ప్రపంచమంతా 'నల్లగొండ పద్ధతి' అనే పేరు పెట్టుకుంది. మా జిల్లా పేరు శాస్త్ర పుస్తకాలకు అలా ఎక్కింది.

1996 లోక్‌సభ ఎన్నికలు వచ్చినప్పుడు నేను చిన్నపిల్లను. ఫ్లోరైడ్ సమస్యనూ, శ్రీశైలం ఎడమగట్టు కాలువ కోసం జనం గోడునూ దేశం వినాలని జలసాధన సమితి పిలుపునిస్తే, నల్లగొండ స్థానంలో ఏకంగా 480 మంది బరిలో నిలిచారు. మా పెదనాన్న వారిలో ఒకడు. అప్పుడు డిపాజిట్టు 500 రూపాయలు. ఆయన ఆ డబ్బును వడ్లు అమ్మి కట్టాడు, తిరిగి రాదని తెలిసే కట్టాడు. గెలవడానికి నిలబడ్డావా అని ఎవరైనా అడిగితే, "మా నీళ్ల సంగతి ఢిల్లీల చదవాలె, అందుకు నిలబడ్డ" అనేవాడు. ఆ ఏడాదే డిపాజిట్టును పదివేలకు పెంచారు, అంటే పేదవాడు నామినేషన్ వేసి తన బాధ చెప్పుకొనే దారి ఇరుకైంది. పెదనాన్న ఇప్పుడు లేడు. కాని ఎన్నికను ఒక అర్జీగా వాడుకోవచ్చునని నాకు నేర్పినవాడు ఆయనే. తెలంగాణ సాయుధ పోరాటం ముగిసిన వెంటనే, 1952 లోక్‌సభ ఎన్నికలలో, కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటె ఎక్కువ ఓట్లు వేసిన జిల్లా ఇది. ఆ ఓట్లను ఎవరూ కొనలేదు.

ఇప్పుడు ఓటుకు ధర ఉంది. 2022 నవంబరులో మునుగోడు ఉప ఎన్నిక జరిగినప్పుడు 93 శాతానికి పైగా పోలింగు నమోదైందని పత్రికలు గొప్పగా రాశాయి. అంత శ్రద్ధగా ఓటు వేసిన మా జనం మీద నాకు గౌరవమే ఉంది. కాని ఆ రెండు నెలలలో ఇంటింటికీ తిరిగిన డబ్బు, రోడ్ల పొడుగునా సాగిన దావత్‌లు మా ఊళ్లకు ఒక అలవాటు చేసిపోయాయి. ఇప్పుడు వార్డు సభ్యుడిగా నిలబడే కూలివాడిని సైతం "ఎంతిస్తవు?" అని ముందే అడుగుతున్నారు. ఐదు వేల లోపు జనాభా ఉన్న పంచాయతీలో సర్పంచి అభ్యర్థి చట్టప్రకారం లక్షన్నర రూపాయలకు మించి ఖర్చు చేయకూడదు. అంతకు ఎన్నో రెట్లు పెట్టినవాడు గెలిచాక ముందు తన అప్పు సంగతి చూసుకుంటాడా, మన ట్యాంకి సంగతి చూస్తాడా? కొన్ని ఊళ్లలో వేలంపాట పెట్టి, గుడికి ఎక్కువ డబ్బు ఇస్తానన్నవాడినే ఏకగ్రీవం చేస్తున్నారు. అలా కొనుక్కున్నవాడిని ఐదేళ్లలో ఎవరు ఏమని అడుగుతారు? గుడి కట్టుకోవడానికి చందాలు వేసుకోవచ్చు. దానికోసం ఓటును వేలంలో పెట్టడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

సాయంత్రం దుకాణం మూసి ఇంటికి వచ్చేసరికి మా ఆయనకు తమ్ముడి వరుసయ్యే అబ్బాయి వాకిట్లో కూర్చొని ఉన్నాడు. చాయ తాగి, అత్తమ్మ వైపు తిరిగి, "పెద్దమ్మా, మీ ఇంట్ల మూడోట్లు గదా" అంటూ మడిచిన కవరు ఆమె పక్కన మంచం మీద పెట్టాడు. నేను దాన్ని తీసి తిరిగి అతడి చేతిలో పెట్టాను. అతడి ముఖం చిన్నబోయింది. "అట్లంటే మాకు వేయరన్నట్టేనా వదినె?" అన్నాడు. అత్తమ్మ కూడా కంగారుపడింది. పల్లెలో ఈ చిక్కు ఉంది. డబ్బు వద్దంటే నీతి అనుకోరు, అవతలి పక్షం అనుకుంటారు. చుట్టరికాలు తెగుతాయన్న భయంతోనే కవరు పుచ్చుకొనేవాళ్లను నేను చాలామందిని చూశాను. వాళ్లను ఆశపోతులని తిట్టడం అన్యాయం.

నేను అతడిని మళ్లీ కూర్చోబెట్టి అడిగాను. ఇంటికి కృష్ణా నీళ్లు వచ్చాయి, పిల్లల పళ్ల మీద మరకలు తగ్గాయి, సంతోషమే. కాని ఊరి లోపలి పైపులు, ట్యాంకి పంచాయతీవే కదా, ట్యాంకిని చివరిసారి ఎప్పుడు కడిగారు? బడి వెనుక వాల్వు దగ్గర పైపు కారి, మురుగు కాలువ నీళ్లు అందులో కలుస్తున్నందుకే కదా సగం ఊరు క్యాను నీళ్లు కొనుక్కుంటోంది? ఆ క్యాను నీళ్లు కొనలేని ఎస్సీవాడ ఇళ్లవాళ్లు నల్లా రాని రోజున మళ్లీ ఆ పాత బోరు నీళ్లే పట్టుకుంటున్నారు, అది మీ అభ్యర్థికి తెలుసా? అతడు కాసేపు ఆలోచించి, "వాల్వు సంగతి నాకెర్కనే వదినె, కాని ఎవ్వరడగలే" అన్నాడు. ఆ మాట నిజమే. ఇన్ని రోజుల ప్రచారంలో అభ్యర్థులను ఎంత ఇస్తావని అడిగారు గాని ట్యాంకి గురించి అడిగినట్టు నేను వినలేదు. అతడు వెళ్లేటప్పుడు, ఆ ప్రశ్నలను తన ఫోనుకు పంపమని, అభ్యర్థికి ఈ రాత్రికే చూపిస్తానని చెప్పాడు. పంపాను. మిగిలిన ఇద్దరు అభ్యర్థులకూ అవే పంపాను. ఇప్పటివరకు ఒకరు జవాబిచ్చారు. గెలిచిన నెలలోపు ట్యాంకి కడిగించి, పైపు మార్పిస్తానని రాశారు. అది ఎవరన్నది ఇక్కడ రాయను, నా ఓటు రహస్యం.

రేపు పొద్దున ఏడింటినుంచి ఒంటిగంట వరకే పోలింగు, రెండింటికి లెక్కింపు మొదలవుతుంది. గులాబీ రంగు కాగితం సర్పంచిది, తెల్లది వార్డు సభ్యుడిదని అత్తమ్మకు రెండుసార్లు చెప్పాను. ఎవరికి వేయాలో మాత్రం చెప్పలేదు, ఆమె అడగలేదు. ఎవరు గెలిచినా రెండు నెలలకొకసారి గ్రామసభ పెట్టాలని చట్టం చెబుతోంది. జవాబిచ్చిన ఆ సందేశాన్నీ, నేను పంపిన ప్రశ్నలనూ ప్రింటు తీసి పెట్టుకున్నాను. మొదటి గ్రామసభలో కార్యదర్శి చేత వాటిని తీర్మానాల పుస్తకంలో రాయించాలి. ఎస్సీవాడ నుంచి కనీసం పదిమంది ఆడవాళ్లను వెంట తీసుకుపోవాలి, వాళ్లతో ఎల్లుండి మాట్లాడతాను.